డీజిలా, పెట్రోలా? షోరూముకు వెళ్లే ముందు ఒక నెల ఆగండి

మా ఇంట్లో కారు మాట వచ్చిన రోజే మా మావయ్య తేల్చేశారు. "డీజిల్ బండి తీసీ బాబూ, ఇంకేటి ఆలోచిస్తన్నావు? ఎంత తిరిగినా ఖర్చు తెలీదు." ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు, కాకపోతే అది 2012 నాటి మాట. అప్పట్లో లీటరు పెట్రోలుకూ డీజిలుకూ మధ్య పాతిక ముప్పై రూపాయల తేడా ఉండేది, డీజిల్ ధర ప్రభుత్వం చేతిలో ఉండేది. 2014 అక్టోబరులో ఆ పట్టు వదిలేశారు. ఇప్పుడు మన బంకుల్లో తేడా పన్నెండు రూపాయల చుట్టుపక్కలే. లెక్క మారిపోయింది గానీ పెళ్లిళ్లలో, పేరంటాల్లో దొరికే సలహా మాత్రం అదే.

నేను ఆ సలహా విని శ్రీకాకుళంలో సెకండ్ హ్యాండ్ డీజిల్ కొన్నాను, ఏడాదిన్నర తిరక్కుండా అమ్మేశాను. అలాగని డీజిల్ కొనొద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు, కొనాల్సినవాళ్లు ఉన్నారు, వాళ్లెవరో కింద చెప్తాను. మీరు ఆ జాబితాలో ఉన్నారా లేదా అనేది ఎలా తేల్చుకోవాలో వరసగా చూడండి.

ముందు ఒక నోటుబుక్కు

"నెలకెంత తిరుగుతారు సార్?" అని షోరూములో అడిగితే అందరం ఒకటే చెప్తాం: వెయ్యి, వెయ్యిన్నర. నిజంగా రాసి చూసినవాడు ఒక్కడూ ఉండడు. ఇప్పటికే కారుంటే పని తేలిక, పోయిన ఏడాది సర్వీసు బిల్లు మీద ఉన్న రీడింగూ ఈ రోజు రీడింగూ తీసేసి పన్నెండుతో భాగించండి. మొదటి కారైతే ఒక నెల పాటు, కారుంటే దాని మీద వెళ్లేవాళ్లమే అనిపించిన ప్రతి ప్రయాణాన్నీ రాయండి. మొత్తం ఎంతో తెలిస్తే చాలదు. పేజీ మధ్యలో గీత గీసి, ఎడమ పక్క పది కిలోమీటర్ల లోపు ప్రయాణాలు, కుడి పక్క అంతకంటే పెద్దవి రాయండి. ఈ గీతే అసలు సంగతి, ఎందుకో తర్వాత తెలుస్తుంది.

నా పేజీ ఇలా ఉండేది. సోమవారం: ఆఫీసు 4, ఇంటికి 4. మంగళవారం: ఆఫీసు 4, మధ్యలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర మందులు, ఇంటికి 5. బుధవారం వాన, పిల్లాడి స్కూలు కూడా, మొత్తం 13, అదీ అయిదు ముక్కల్లో. ఆదివారం రాజాం, అత్తవారింటికి, రానూపోనూ వంద. నెల మొత్తం కూడితే 614 కిలోమీటర్లు, అందులో దాదాపు 400 ఆ చిన్న ముక్కలే. ఈ లెక్క బండి కొన్నాక వేశాను, కొనక ముందు వేసుంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

ఒక జాగ్రత్త. సిరిమాను పండక్కి విజయనగరం వెళ్లడం, ఏడాదికోసారి తిరుపతి వెళ్లడం లాంటివి ఆ నెలలో పడితే వాటిని విడిగా రాయండి. రోజూ తిరిగేదాన్ని బట్టి బండి కొనాలి, మొక్కుబడి ప్రయాణాన్ని బట్టి కాదు.

ఇప్పుడు లెక్క

రెండు కొటేషన్లు తెచ్చుకోండి. ఒకే మోడల్, ఒకే వేరియంటు, ఒకటి పెట్రోలు, ఒకటి డీజిల్, రెండూ ఆన్‌రోడ్ ధరలే కావాలి, అంటే టాక్సూ ఇన్సూరెన్సూ అన్నీ కలిపినవి. ఎక్స్ షోరూమ్ ధరలు పోల్చుకుని మురిసిపోకండి, ఎందుకంటే లైఫ్ టాక్స్ కారు ధర మీద శాతంలో ఉంటుంది, ధర పెరిగితే టాక్సూ పెరుగుతుంది, స్లాబు దాటితే శాతమే పెరుగుతుంది, ఇన్సూరెన్స్ కూడా అదే దారి. పాత వీడియోల్లో చెప్పే ధరలు కూడా వదిలేయండి, 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. 4 మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటని కార్లకు 18 శాతం, ఆ కొలతలు దాటిన పెట్రోలు, డీజిల్ కార్లకు 40 శాతం.

ఆన్‌రోడ్ తేడా 1,60,000 అనుకుందాం. పెట్రోలు లీటరు 110, డీజిల్ 98 అనుకుందాం, మీరు మాత్రం మీ బంకు బోర్డు మీద ఉన్న రేట్లు వేసుకోండి. మైలేజీ కంపెనీ చెప్పినది కాకుండా, అదే కారు నడుపుతున్నవాళ్లని ఇద్దరు ముగ్గుర్ని అడిగి వేసుకోండి. పెట్రోలు 15, డీజిల్ 19 ఇచ్చిందనుకుంటే పెట్రోలుకు కిలోమీటరుకు 7 రూపాయల 33 పైసలు, డీజిలుకు 5 రూపాయల 16 పైసలు. ఆదా 2 రూపాయల 17 పైసలు.

1,60,000ని 2.17తో భాగిస్తే 73,700 కిలోమీటర్లు. అంటే అంత దూరం తిరిగాకే డీజిల్ మీకు మొదటి రూపాయి మిగులుస్తుంది. నెలకు 800 తిరిగేవాడికి అది ఏడున్నరేళ్ల పై మాట, రెండు వేలు తిరిగేవాడికి మూడేళ్లు. లోన్ మీద కొంటే ఇంకో మెలిక ఉంది: ఆ అదనపు 1,60,000 మీద 9 శాతం చొప్పున అయిదేళ్లకు వడ్డీయే సుమారు 39 వేలు, దాన్ని కూడా కలిపితే ఆ 73,700 కాస్తా 92 వేల కిలోమీటర్ల దగ్గరికి జరుగుతుంది. డీజిల్ సర్వీసుకు ఏటా కొంత ఎక్కువే అవుతుంది, అది ఇందులో కలపలేదు.

తిరుపతి సంగతి అన్నాను కదా, మన దగ్గర్నుంచి రానూపోనూ 1,700 కిలోమీటర్లు వేసుకున్నా డీజిల్ వల్ల మిగిలేది 3,700 రూపాయలు. దానికోసం లక్షన్నర పైన పెట్టేవాళ్లని నేను స్వయంగా చూశాను, అద్దంలో.

ఇచ్ఛాపురం వైపు వాళ్లకు ఒక వెసులుబాటు ఉంది, సరిహద్దు దాటి ఒడిశా బంకులో కొట్టించుకుంటే లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ, మన రాష్ట్రంలో వ్యాట్ మీద అదనంగా లీటరుకు వేసేవి ఉన్నాయి కాబట్టి. వాళ్లు ఆ రేట్లతో లెక్క వేసుకోవాలి. శ్రీకాకుళం నుంచి అందుకోసమే వెళ్లడం మాత్రం తెలివితక్కువ.

పసుపు దీపం గురించి

నోటుబుక్కులో గీత ఎందుకు గీయమన్నానో ఇక్కడ చెప్తాను. మైలేజీ లెక్కలు ఎవరైనా చెప్తారు, ఇది మాత్రం అమ్మేవాడు తనంతట తాను చెప్పడు.

2020 ఏప్రిల్ 1 నుంచి అమ్మే కార్లన్నీ బీఎస్6, అంటే పొగ మీద ప్రభుత్వం పెట్టిన గట్టి ప్రమాణానికి తయారైనవి. డీజిల్ కాలితే మసి వస్తుంది, ఆ మసి బయటికి పోకుండా సైలెన్సర్ దారిలో ఒక జల్లెడ పెట్టారు, దాని పేరు డీపీఎఫ్, డీజిల్ పార్టిక్యులేట్ ఫిల్టర్. జల్లెడ నిండితే బండి దాన్ని తనే కాల్చి శుభ్రం చేసుకుంటుంది, దాన్నే రీజెనరేషన్ అంటారు. అందుకు లోపల 600 డిగ్రీల దాకా వేడి పుట్టాలి, బండి ఆగకుండా ఒక పావుగంట ఇరవై నిమిషాలు మంచి వేగంలో నడవాలి. హైవే మీద తిరిగేవాడికి ఇది జరిగినట్టు కూడా తెలియదు. నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆపేసేవాడికి మాత్రం, మొదలవుతుంది, మధ్యలో ఆగిపోతుంది, మర్నాడు మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగిపోతుంది.

నాది 2021 మోడల్. కొన్న నాలుగో నెలలో ఆఫీసు నుంచి వస్తుంటే డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది, గొట్టంలో చుక్కలు నింపినట్టు ఒక బొమ్మ. మాన్యువల్ తీసి చూస్తే హైవే మీద నడపమని ఉంది. సరే అని సింహద్వారం దగ్గర హైవే ఎక్కి నరసన్నపేట వైపు పోనిచ్చాను, నాలుగో గేరులో, ఇంజిన్ రెండు వేల ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) పైన ఉండేలా. మడపాం టోల్ దగ్గరికి వచ్చేసరికి దీపం ఆరింది. అప్పుడు గొప్పగానే అనిపించింది. రెండోసారి వెలిగినప్పుడు వారం రోజులు బద్ధకించాను. ఆ వారం చివర బండి మొండికేసింది, ఎంత తొక్కినా వేగం అందుకోలేదు, ఇంజిన్ లైటు కూడా వచ్చింది. సర్వీసు సెంటరులో ల్యాప్‌టాప్ తగిలించి ఆ మసిని బలవంతంగా కాల్చారు, ఆయిలూ మార్చారు, పదకొండు వేల పైన అయింది.

ఆయిల్ ఎందుకంటే, ఆ కాల్చడం కోసం బండి అదనంగా డీజిల్ చిమ్ముతుంది, పని మధ్యలో ఆగితే అందులో కొంత కిందికి జారి ఇంజిన్ ఆయిల్లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ గీత దాటి పైకి ఉంటుంది. ఆయిల్ తగ్గితే కంగారు పడతాం, పెరిగితే ఎవరికీ అనుమానం రాదు, డీజిల్ బండిలో పెరిగినా కంగారు పడాల్సిందే.

అక్కడి కుర్రాడు మర్యాదగానే చెప్పాడు, "వారానికొకసారి హైవే ఎక్కించండి సార్, ఏమీ కాదు." ఎక్కించాను. ప్రతి ఆదివారం పొద్దున్నే పనేమీ లేకుండా అరవై కిలోమీటర్లు. నెలకు 240 కిలోమీటర్లు, 5.16 చొప్పున 1,238 రూపాయల డీజిల్. పెట్రోలు కారు బదులు ఇది కొన్నందుకు నా 614 కిలోమీటర్ల మీద మిగిలేది ఎంతయ్యా అంటే 1,332. నెలకు 94 రూపాయల కోసం ఆదివారం నిద్ర పోగొట్టుకుంటున్నానని తెలిసిన రోజే అమ్మకానికి పెట్టాను.

మీరు డీజిల్ కొన్నాక ఈ గుర్తులు తెలిసుండాలి: ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ మామూలు కంటే కొంచెం గట్టిగా తిరగడం, బండి ఆపినా ముందు ఫ్యాన్ గోలగా తిరుగుతూనే ఉండడం, కాలిన వాసన, మైలేజీ మీటరు ఉన్నట్టుండి పడిపోవడం. ఇవి కనిపిస్తే ఇంటి దగ్గరికి వచ్చినా ఆపకండి, ఇంకో ఇరవై నిమిషాలు తిప్పి రండి. ఎండిన గడ్డి మీద, చెత్త మీద పార్కు చేయకండి, కింద అంతా కొలిమిలా ఉంటుంది.

కొన్ని డీజిల్ కార్లకు యాడ్‌బ్లూ అని ఇంకో ట్యాంకు కూడా ఉంటుంది, యూరియా నీళ్లు, నీలం మూత. అది అయిపోతే బండి ఒకసారి ఆపాక మళ్లీ స్టార్ట్ అవదు. మీరు చూస్తున్న మోడల్‌కి ఉందో లేదో, ఎన్ని వేల కిలోమీటర్లకు నింపాలో అడగండి. అలాగే వాడకం వల్ల డీపీఎఫ్ నిండిపోతే వారంటీ ఇస్తారా అని అడిగి, నోటి మాట కాకుండా కాగితం మీద తీసుకోండి.

డీజిల్ ఎవరికి

గీతకు కుడి పక్క బరువుగా ఉన్నవాళ్లకి. విజయనగరం నుంచి విశాఖకు రోజూ కారులో వెళ్లొస్తే రానూపోనూ 120, నెలకు మూడు వేలు, రెండేళ్లలో పెట్టిన అదనపు డబ్బు తిరిగొస్తుంది, డీపీఎఫ్ గొడవా ఉండదు. (రోజూ వెళ్తామని చెప్పి కారు కొన్నవాళ్లలో చాలామంది రెండో నెల నుంచి రైలుకే వెళ్తారు, నోటుబుక్కు అందుకే.) పలాస నుంచి జీడిపప్పు వ్యాపారం మీద అటు బరంపురం, ఇటు విశాఖ తిరిగేవాళ్లు, సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కి కొరాపుట్ వైపు వారం వారం పోయేవాళ్లు, ఎప్పుడూ ఆరేడుగురు ఎక్కే ఇల్లు, వీళ్లకు డీజిల్ గురించి నేను చెప్పేదేం లేదు, కొనుక్కోవచ్చు.

ఘాట్ సంగతి అంకెల్లో చూస్తే, హ్యుందాయ్ క్రెటా ఒక్కటే తీసుకోండి. 1.5 లీటర్ల మామూలు పెట్రోలు ఇంజిన్ 144 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం) ఇస్తుంది, అదీ 4,500 ఆర్‌పీఎం దగ్గర. అదే 1.5 డీజిల్ 250 ఇస్తుంది, 1,500 దగ్గర్నుంచే. అంటే మలుపులో వేగం తగ్గి, మళ్లీ ఎత్తు ఎక్కాలంటే పెట్రోలు బండిలో గేరు దించి ఇంజిన్ అరిపించాలి, డీజిల్‌లో కాలు కొంచెం నొక్కితే చాలు, లాగేస్తుంది. కానీ గాలిని ఒత్తిడితో ఇంజిన్‌లోకి నెట్టే 1.5 టర్బో పెట్రోలు కూడా 253 ఇస్తుంది, అదీ 1,500 నుంచే. లాగుడు కోసమే డీజిల్ అనుకునేవాళ్లు టర్బో పెట్రోలు కూడా నడిపి చూడాలి. దాని మైలేజీ మాత్రం మీ పాదం మీద ఉంటుంది, తొందరగా నడిపేవాడికి మిగిలేది తక్కువ.

టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లకండి. ఇంట్లోవాళ్లని నలుగురిని ఎక్కించి, ఏసీ వేసి నడపండి. సేల్స్ అబ్బాయి చూపించే సాఫీ రోడ్డు వద్దు, మీరు రోజూ వెళ్లే సందు, మీ వీధి స్పీడ్ బ్రేకర్లు, ఆ తర్వాత హైవే. వెనక సీటులో అమ్మనో అత్తయ్యనో కూర్చోబెట్టి డీజిల్ అదురు ఎలా ఉందో అడగండి, డ్రైవర్ సీటులో ఉన్నవాడికి అది అంతగా తెలియదు.

ఇంకో మాట, చిన్న కారు కావాలంటే ఈ ప్రశ్నే దాదాపు లేదు. మారుతి 2020లో డీజిల్ మానేసింది, హ్యాచ్‌బ్యాక్‌లలో డీజిల్ అంటే టాటా ఆల్ట్రోజ్ తప్ప చెప్పుకోదగ్గది కనిపించదు. పెట్రోలే తీసుకుని ఆ టెన్షన్ వదిలేయండి.

పెట్రోలు వైపు మొగ్గితే

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ, కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది. నీతి ఆయోగ్ 2021 నివేదిక ప్రకారం ఈ10కి (పది శాతం ఇథనాల్) తయారై ఈ20కి సర్దిన కార్లలో 1 నుంచి 2 శాతం, అంతకంటే పాతవాటిలో 6 నుంచి 7 శాతం. కొత్త కారుకు దిగులు లేదు. పాతది కొంటుంటే పెట్రోలు మూత తెరిచి ఈ20 స్టిక్కర్ ఉందేమో చూడండి, లేకపోతే కంపెనీ సర్వీసు సెంటరులో అడిగి తెలుసుకోండి.

సీఎన్జీ అయితే ముందు మీకు దగ్గర్లో బంకు ఎక్కడుందో, సాయంత్రం అక్కడ క్యూ ఎంతుందో స్కూటర్ మీద వెళ్లి చూసి రండి. సిలిండర్ డిక్కీలో చోటు తినేస్తుంది, ఊరి నుంచి బియ్యం బస్తా తెచ్చుకునే ఇళ్లకి అది చిన్న విషయం కాదు.

సెకండ్ హ్యాండ్ డీజిల్ చూస్తుంటే

తక్కువ ధరకు వచ్చే డీజిల్ చాలావరకు బాగా తిరిగిన బండే అయ్యుంటుంది. 60 వేలు చూపిస్తున్న రీడింగును నమ్మకండి, బ్రేక్ పెడల్ మీద రబ్బరు నున్నగా అరిగిపోయి, స్టీరింగ్ తోలు మెరుస్తుంటే అది లక్షన్నర తిరిగిన బండి. నంబరు చెప్పి కంపెనీ సర్వీసు సెంటరులో పాత రికార్డు అడగండి. ట్రావెల్స్‌లో పసుపు బోర్డుతో తిరిగి తెల్ల బోర్డుకు మారిందా అని ఆర్‌సీ వివరాల్లో చూడండి.

బీఎస్6 డీజిల్ అయితే నేను చేయని పరీక్ష ఒకటి మీరు చేయండి. బండి చల్లగా ఉన్నప్పుడు వెనక సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి తిప్పండి. డీపీఎఫ్ సరిగ్గా ఉంటే వేలికి మసి దాదాపు అంటదు. కాటుకలా నల్లగా వచ్చిందంటే జల్లెడ పగిలినా పగిలుండాలి, ఎవరో దాన్ని పీకించేసైనా ఉండాలి. ఇక బేరమాడకుండా ఇంటికి వచ్చేయండి.

ఢిల్లీ నంబరు డీజిల్ కార్లు చవగ్గా వస్తున్నాయని ఎవరో ఒకరు చెప్తారు. అక్కడ ఎన్‌సీఆర్‌లో, అంటే ఢిల్లీ, దాని చుట్టుపక్కల, పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని 2018లో సుప్రీంకోర్టు ఆదేశం ఇచ్చింది, చవకకు మూలం అదే, 2025లో కోర్టే దాన్ని కొంత సడలించింది. మన దగ్గర ఆ పదేళ్ల నిబంధన లేదు, పదిహేనేళ్లకు ఫిట్‌నెస్ చూపించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. అయితే అక్కడి ఆర్టీవో నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే కాగితం) తెప్పించాలి, ఇక్కడ మళ్లీ లైఫ్ టాక్స్ కట్టాలి, అవన్నీ కలిపి చూసుకోండి.

ఏది కొన్నా మొదటి రోజు మూత లోపల పెద్ద అక్షరాలతో పెట్రోలు అనో డీజిల్ అనో రాసి అంటించండి, బంకులో ఫోన్ జేబులో పెట్టి బయటికి దిగి నిలబడండి. మీ బావమరిది మీ బండి తీసుకెళ్లినప్పుడు కూడా ఈ మాట చెప్పి తాళం ఇవ్వండి. పొరపాటున డీజిల్ బండిలో పెట్రోలు పోస్తే తాళం తిప్పొద్దు, స్టార్ట్ చేయకుండా పక్కకి తోయించి మెకానిక్‌ని పిలిచి ట్యాంకు దించాలి. స్టార్ట్ చేయకపోతే ట్యాంకు కడిగించిన ఖర్చుతో పోతుంది, స్టార్ట్ చేస్తే పంపూ ఇంజెక్టర్లూ కూడా బిల్లులోకి వస్తాయి.